ఇమేజ్ రిట్రీవల్ పరిశోధకుల ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా: తిరుపతి స్కాలర్లకూ కమిటీలకూ పనికొచ్చే పద్ధతి

ఇమేజ్ రిట్రీవల్‌లో, అంటే పెద్ద సేకరణలోంచి కావాల్సిన బొమ్మను కంప్యూటర్‌తో వెతికించే రంగంలో, పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే విద్యార్థికీ, సెలక్షన్ కమిటీకి నోట్ రాసివ్వాల్సిన ప్రొఫెసర్‌కీ, డిపార్ట్‌మెంట్ ప్రొఫైళ్లు తయారుచేసే లైబ్రరీ సిబ్బందికీ కావాల్సింది ఒకటే: ఈ పరిశోధకుడి పని వల్ల ఆ రంగంలో ఏం మారిందో తెలియాలి. చాలా నోట్లలో గూగుల్ స్కాలర్ పేజీ మీది రెండు అంకెలు ఎక్కించి సంతకం పెట్టేస్తారు. ఆ అంకెలూ అవసరమే. కానీ ఒక పేపర్‌ను వందమంది పేరుకు ప్రస్తావించి వదిలేశారా, పదిమంది తీసుకుని తమ సిస్టమ్‌లో వాడుకున్నారా అన్నది వాటిలో కనబడదు. అది తేలాలంటే సైటేషన్ (ఆ పేపర్‌ను ఉదహరించడం) ఉన్న వాక్యం దాకా వెళ్లి చదవాలి. ఒక పరిశోధకుడికి నాలుగైదు పనిదినాలు పడుతుంది. అంత సమయం లేకపోతే అంకెలు తగ్గించండి, చదవడం మాత్రం తగ్గించకండి.

మనిషి ఎవరో ముందు తేల్చుకోండి

మన పేర్లతోనే మొదటి చిక్కు. ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా రాయడం మన అలవాటు. డేటాబేస్‌లేమో చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. కె. వెంకట సుబ్బారెడ్డి అనే పేరు ఒక పేపర్‌లో ‘రెడ్డి, కె.వి.ఎస్.’ అవుతుంది, ఇంకోదాంట్లో ‘సుబ్బారెడ్డి, కె.వి.’, మరోదాంట్లో ‘వెంకట, ఎస్.కె.’. స్కోపస్ అనే సైటేషన్ డేటాబేస్ వీటిని ముగ్గురు మనుషులుగా చూపించవచ్చు. రెడ్డి, కుమార్, రావు లాంటి పేర్ల దగ్గర దీనికి తలకిందులుగా, ఇద్దరు ముగ్గురి పేపర్లు ఒకే ఖాతాలో పడిపోతుంటాయి.

రెండో చిక్కు సంస్థ పేరు. శ్రీ వేంకటేశ్వర పేరుతో తిరుపతిలోనే విశ్వవిద్యాలయం, వెటర్నరీ విశ్వవిద్యాలయం, వేద విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. చిత్తూరులో ఇంకో ఇంజనీరింగ్ కాలేజీ, శ్రీపెరంబుదూరులో మరొకటి, ఢిల్లీలో టీటీడీ కాలేజీ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లోనూ దాదాపు ఇదే పేరుతో ఒక విశ్వవిద్యాలయం ఉంది. అందుకే ‘ఎస్వీయూ’ అని ఫిల్టర్ పెట్టి వచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. ఊరి పేరు, డిపార్ట్‌మెంట్, సహ రచయితల పేర్లు మూడూ కలిస్తేనే ఆ పేపర్‌ను ఖాతాలో వేయండి.

ఆర్కిడ్ నంబర్, అంటే 16 అంకెల గుర్తింపు, ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. లేకపోతే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే విద్వాన్ పోర్టల్ చూడండి. పరిశోధకుడు అందుబాటులో ఉంటే బయోడేటా అడిగి తీసుకోవడమే మేలు. ఏ ఏళ్లలో ఏ సంస్థలో పనిచేశారో తెలిస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

పేపర్ల జాబితా

ఈ రంగానికి డీబీఎల్‌పీ అనే పేపర్ల సూచిక మంచి ఆధారం. ఉచితం, కంప్యూటర్ సైన్స్‌కే పరిమితం, ఒకే పేరున్న వేర్వేరు మనుషులను విడదీసి చూపించే ప్రయత్నం చేస్తుంది. దానికి స్కోపస్, గూగుల్ స్కాలర్, ఓపెన్‌అలెక్స్ జాబితాలు కలపండి. స్కోపస్ లాగిన్ మీ సంస్థకు ఉందో లేదో ముందే లైబ్రేరియన్‌ను అడగండి. లేకపోతే 2022 నుంచి ఉచితంగా అందుబాటులో ఉన్న ఓపెన్‌అలెక్స్‌తో పని జరుగుతుంది. గూగుల్ స్కాలర్ నుంచి జాబితా దించడానికి పబ్లిష్ ఆర్ పెరిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ కాలమ్‌లు పెట్టండి: శీర్షిక, సంవత్సరం, అచ్చయిన చోటు, రచయితల వరుసలో వీరి స్థానం, డీఓఐ (పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య), పేపర్ రకం, ఒక్కో డేటాబేస్ ప్రకారం సైటేషన్లు, ఆ అంకె తీసిన తేదీ. తేదీ లేని అంకెను తర్వాత సరిచూడటం కుదరదు.

జాబితాలు కలిపేటప్పుడు జాగ్రత్త. ఈ రంగంలో ఒకే పని ముందు ఆర్కైవ్ (arXiv) సైట్‌లో ప్రీప్రింట్‌గా, అంటే అచ్చుకు ముందు ప్రతిగా, తర్వాత కాన్ఫరెన్స్‌లో, ఆపైన ప్రయోగాలు పెంచి జర్నల్‌లో వస్తుంది. ప్రీప్రింట్‌నూ కాన్ఫరెన్స్ పేపర్‌నూ ఒకటిగా కలిపేయండి. జర్నల్ రూపాన్ని విడిగా ఉంచి, మూడింటికీ ఒకే ‘పని సంఖ్య’ ఇవ్వండి. లేకపోతే ఒక్క ఆలోచనే మూడు పేపర్లుగా లెక్కకొస్తుంది.

‘పేపర్ రకం’ కాలమ్‌లో సర్వే వ్యాసమా, కొత్త పద్ధతా, డేటాసెట్టా అన్నది తప్పక రాయండి. ఈ రంగంలో బాగా ఉదహరించే వాటిలో 2000లో స్మోల్డర్స్, మరో నలుగురు కలిసి ఐట్రిపుల్ఈ పామీ జర్నల్‌లో రాసిన సర్వే ఒకటి. రంగం నడక తీర్చిదిద్దిన గొప్ప వ్యాసమది. అయినా సర్వేకు వచ్చే సైటేషన్లు వేరు, పద్ధతికి వచ్చేవి వేరు. రెండూ కలిపి కూడితే ఆ మొత్తం దేనికీ గుర్తు కాదు.

కాన్ఫరెన్సుల గురించి కమిటీలకు ఒక మాట. కంప్యూటర్ విజన్‌లో సీవీపీఆర్, ఐసీసీవీ, ఈసీసీవీ పేపర్ల ఎంపిక చాలా జర్నళ్ల కంటే కఠినంగా ఉంటుంది. మల్టీమీడియా వైపు ఏసీఎం మల్టీమీడియా, 2011లో రెండు పాత సమావేశాలను కలిపి మొదలుపెట్టిన ఐసీఎంఆర్ ఉన్నాయి. ‘కాన్ఫరెన్స్ కదా’ అని వీటిని పక్కన పెట్టే మూల్యాంకనం ఈ రంగానికి అన్యాయం చేస్తుంది. డబ్బు కడితే చాలు ఏదైనా అచ్చేసే సమావేశాలనూ వీటినీ ఒకే గాటన కట్టడం కూడా అన్యాయమే.

అంకెల వంతు

2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ లెక్క తేలికే. పేపర్లను సైటేషన్ల ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. వరుస సంఖ్య కంటే సైటేషన్లు తగ్గకుండా ఉన్న చివరి వరుస దగ్గర ఆగండి. ఉదాహరణకు 9 పేపర్లకు 48, 31, 19, 12, 9, 6, 6, 3, 1 అనుకుందాం. ఆరో పేపర్‌కు 6 ఉన్నాయి, ఏడోదానికీ 6 మాత్రమే. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. కనీసం పది సైటేషన్లున్న పేపర్లు నాలుగు, కాబట్టి ఐ10-ఇండెక్స్ 4.

ఇప్పుడు స్వీయ సైటేషన్లు తీసేయండి. పరిశోధకుడు తన పేపర్‌ను తానే ఉదహరించడంతో పాటు సహ రచయితలు ఉదహరించినవీ ఈ లెక్కలోకే వస్తాయి. అవి తీశాక 44, 26, 13, 9, 5, 4, 3, 1, 0 మిగిలాయనుకోండి. మొత్తం 135 నుంచి 105కు తగ్గింది, హెచ్-ఇండెక్స్ 5 అయింది. స్కోపస్‌లోనూ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ వీటిని మినహాయించి చూడొచ్చు, గూగుల్ స్కాలర్‌లో కుదరదు. స్వీయ సైటేషన్ తప్పేమీ కాదు. డిస్క్రిప్టర్ల (బొమ్మ లక్షణాలను అంకెలుగా మార్చే పద్ధతుల) మీద ఏళ్ల తరబడి పనిచేసేవారు తమ పాత పేపర్‌ను చెప్పకుండా కొత్తది రాయలేరు. అందుకే ‘ఇంత శాతం దాటితే అనుమానం’ అని గీత గీయకండి. తీసేస్తే ఎంత మిగిలిందో రాయండి, చాలు.

రెండు డేటాబేస్‌ల అంకెలను ఒకే వాక్యంలో పోల్చకండి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు, ఒక్కోసారి క్లాసు స్లైడ్లను కూడా లెక్కేస్తుంది కాబట్టి అక్కడ అంకె పెద్దదిగా ఉంటుంది. ఒకరిది స్కాలర్ నుంచి, ఇంకొకరిది స్కోపస్ నుంచి తీసి పక్కపక్కన పెడితే ఆ నోట్ చెల్లదు.

పోలికకు అదే ఉపరంగంలో, పీహెచ్‌డీ ఏడాది రెండేళ్లు అటూ ఇటూగా ఉన్న ఎనిమిది, పది మందిని తీసుకోండి. సగటుకు బదులు మధ్యమం (మీడియన్) వాడండి. ఒక్క పేపర్ పేలితే సగటు పైకి లేస్తుంది. ఉపరంగం ఎంచుకునేటప్పుడు పదాలు చూసుకోవాలి. ఒకే పరిశోధన 1990లలో కంటెంట్ బేస్డ్ ఇమేజ్ రిట్రీవల్ అన్న పేరుతో ఉండేది. తర్వాత ఇన్‌స్టన్స్ రిట్రీవల్, విజువల్ సెర్చ్, హ్యాషింగ్, డీప్ మెట్రిక్ లెర్నింగ్, క్రాస్ మోడల్ రిట్రీవల్ అన్న పేర్లొచ్చాయి. మొదటి పేరు ఒక్కటే కొట్టి వెతికితే గత పదేళ్ల పనిలో చాలా భాగం జారిపోతుంది.

వాక్యాలు చదవడం

అసలు పని ఇక్కడుంది. పరిశోధకుడి ముఖ్యమైన మూడు పేపర్లు ఎంచుకోండి. ఒక్కోదానికి సైటేషన్లు 40 లోపుంటే అన్నీ, ఎక్కువుంటే 40 చదవండి. ఆ 40 యాదృచ్ఛికంగా ఉండాలి. స్కాలర్ చూపించే మొదటి పేజీలు తీసుకుంటే బాగా పేరున్న పేపర్లే వస్తాయి. జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోకి దించి, పక్క కాలమ్‌లో ర్యాండ్ ఫంక్షన్ వేసి, ఆ కాలమ్ ప్రకారం పేర్చి పై 40 తీసుకోండి. మూడు పేపర్లకు కలిపి రెండు రోజుల పని.

పీడీఎఫ్‌లో ఇంటిపేరుతో వెతికితే చాలాసార్లు రిఫరెన్సుల జాబితాలో తప్ప దొరకదు, ఎందుకంటే ఐట్రిపుల్ఈ పద్ధతిలో వచనంలో నంబర్ మాత్రమే ఉంటుంది. నంబర్‌తో వెతకండి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మీ పేపర్ నంబర్ 15 అనుకోండి, వచనంలో ‘[12]–[19]’ అని ఉంటే 15 కనబడదు. ఏమీ దొరకలేదంటే అలాంటి గుంపులో ఉందేమో చూడాలి. సెమాంటిక్ స్కాలర్ కొన్ని పేపర్లకు సైటేషన్ ఉన్న వాక్యాన్ని తీసి చూపిస్తుంది, దాంతో సమయం కలిసొస్తుంది.

ప్రతి సైటేషన్‌కూ నాలుగు గుర్తుల్లో ఒకటి వేయండి.

ఏ: వరుసలో ఒకటిగా ప్రస్తావన. ‘చాలా పద్ధతులు వచ్చాయి [12]–[19]’ లాంటివి.
బి: ఫలితాల పట్టికలో పోలిక.
సి: వాడకం. ఆ పద్ధతిని, కోడ్‌ను, డేటాసెట్‌ను తీసుకుని తమ పనిలో భాగం చేసుకోవడం.
డి: విమర్శ, సవరణ. పరిమితి చూపించి దాన్ని దాటే ప్రయత్నం చేయడం.

డి గుర్తు చూసి తగ్గించకండి. పనికిరాని పద్ధతిలో లోపం వెతకడానికి ఎవరూ రెండు పేజీలు కేటాయించరు.

బి దగ్గర ఆగి చూడాలి. పట్టికలో ఉన్న అంకె అసలు పేపర్‌లోని అంకెతో చివరి దశాంశం దాకా సరిపోతే ఎత్తి రాసుకున్నారని అర్థం. అసలు పేపర్‌లో లేని డేటాసెట్ మీద అంకె ఉంటే, ఎవరో ఆ పద్ధతిని మళ్లీ కోడ్ రాసి లేదా తెచ్చి నడిపారన్నమాట. వివరణ చదివి మరొకరు నడపగలిగేలా ఆ పని ఉందనడానికి ఇది గట్టి సూచన. దీన్ని ‘బి ప్లస్’ అని విడిగా గుర్తించండి.

ఉదాహరణకు సుబ్రహ్మణ్యం మురాల, ఆర్.పి. మహేశ్వరి, ఆర్. బాలసుబ్రమణియన్ 2012లో ఐట్రిపుల్ఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ఇమేజ్ ప్రాసెసింగ్‌లో ప్రచురించిన లోకల్ టెట్రా ప్యాటర్న్స్ తీసుకోండి. పాత లోకల్ బైనరీ ప్యాటర్న్ మధ్య పిక్సెల్ కంటే పక్క పిక్సెల్ ఎక్కువా తక్కువా అని మాత్రమే చూసేది. వీరు అడ్డం, నిలువు దిశల్లో వచ్చే మార్పును లెక్కించి, ప్రతి పిక్సెల్‌కూ నాలుగు దిశల్లో ఒకటి ఇచ్చి పోల్చారు. తర్వాత వచ్చిన టెక్స్చర్ డిస్క్రిప్టర్ పేపర్ల పోలిక పట్టికల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఇలాంటి పనికి ‘ఏ’ గుర్తులు ఎన్ని, ‘బి’, ‘బి ప్లస్’ ఎన్ని అని విడదీస్తేనే దాని బలం తెలుస్తుంది. మొత్తం సైటేషన్ల అంకెలో ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి.

పట్టికలు చదివేటప్పుడు కొలత ఒకటేనా అని చూడండి. మన దగ్గర చాలా పేపర్లు కోరెల్-1000 అనే డేటాసెట్ మీద నడుస్తాయి: 10 వర్గాలు, ఒక్కోదానికి 100 బొమ్మలు. టాప్ 10 ప్రెసిషన్ (మొదటి పది ఫలితాల్లో సరైన బొమ్మల శాతం) ఇచ్చిన పేపర్‌ను టాప్ 20 ఇచ్చినదానితో పోల్చకూడదు, జాబితా పొడవయ్యే కొద్దీ ప్రెసిషన్ సాధారణంగా పడిపోతుంది. ఇంకో దాగిన తేడా ఉంది. వెతికిన బొమ్మ డేటాబేస్‌లోనే ఉంటే మొదటి ఫలితం అదే వస్తుంది. పదిలో ఆరు సరైనవంటే 60 శాతం. ఆ మొదటిదాన్ని తీసేస్తే తొమ్మిదిలో ఐదు, అంటే దాదాపు 56 శాతం. ఎవరు ఎలా లెక్కించారో పేపర్‌లో రాసి ఉండకపోతే ఆ పట్టికను ఆధారంగా తీసుకోవద్దు. యూకేబెంచ్ డేటాసెట్‌లో వెతికిన బొమ్మనూ కలిపి నాలుగుకు ఎన్ని అని లెక్కిస్తారు, హాలిడేస్ డేటాసెట్‌లో దాన్ని తీసేస్తారు.

ఎంఏపీ (మీన్ యావరేజ్ ప్రెసిషన్) అర్థం కాకుండా పట్టిక చదవడం కుదరదు. సరైన బొమ్మలు మూడు ఉండి అవి 1, 3, 6 స్థానాల్లో వచ్చాయనుకోండి. ఆ స్థానాల దగ్గర ప్రెసిషన్ 1, 2/3, 3/6. వీటి సగటు 0.72. ఇలా అన్ని ప్రశ్నలకూ (వెతికిన బొమ్మలకూ) తీసి సగటు కడితే ఎంఏపీ. 5,062 బొమ్మలు, 55 ప్రశ్నలున్న ఆక్స్‌ఫర్డ్ డేటాసెట్ 2007 నుంచి వాడుకలో ఉంది. 2018లో రాడెనోవిచ్ బృందం దాని గుర్తింపుల్లో తప్పులు సరిదిద్ది, సులభం, మధ్యస్థం, కఠినం అని విడదీసి కొత్త రూపం ఇచ్చింది. పాత రూపంపై వచ్చిన అంకె పెద్దదనీ, కొత్తదానిపై వచ్చింది చిన్నదనీ ఒకరిని తక్కువ చేయడం పొరపాటు.

సైటేషన్ లెక్కలకు అందని ప్రభావం

జెగు, డూజ్, ష్మిడ్ 2011లో ప్రచురించిన ప్రొడక్ట్ క్వాంటైజేషన్ పొడవాటి ఫీచర్ వెక్టర్‌ను (బొమ్మను సూచించే అంకెల వరుసను) ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు చిన్న కోడ్ ఇచ్చి, కోట్ల బొమ్మల సూచికను మెమరీలో పట్టేలా చేసింది. 2017లో వచ్చిన ఫేస్ (Faiss) అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఆ పద్ధతి ఉంది. ఆ లైబ్రరీ వాడేవారు లైబ్రరీ పేపర్‌నే ఉదహరిస్తారు, చాలా కంపెనీలు ఏదీ ఉదహరించవు. కాబట్టి పరిశోధకుడి పద్ధతి ఏదైనా లైబ్రరీలో చేరిందేమో ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో వెతకండి. గిట్‌హబ్‌లో స్టార్ల కంటే ఇష్యూలు చదవండి. ‘నా డేటాకు ఇలా వస్తోంది, ఎందుకు?’ అని బయటివాళ్లు అడుగుతుంటే దాన్ని నిజంగా నడుపుతున్నారని అర్థం. పేటెంట్లలో ప్రస్తావనలకు లెన్స్ అనే ఉచిత సైట్ చాలు. విద్యార్థుల థీసిస్‌లకు శోధ్‌గంగలో గైడ్ పేరుతో వెతకండి, స్పెల్లింగులు మార్చి మార్చి.

మన బొమ్మల మీద చిన్న పరీక్ష

గైడ్‌ను ఎంచుకునే విద్యార్థి ఇది తప్పక చేయాలి. శ్రీకాళహస్తి కలంకారీ అందుకు చక్కగా సరిపోతుంది. 20 మోటిఫ్‌లు, ఒక్కోదానికి 15 ఫొటోలు, మొత్తం 300. కళాకారుల అనుమతి తీసుకోండి. నీడపట్టున పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, బట్టకు ఎదురుగా నిలబడి తీయండి. ఒకే బట్టను 15 సార్లు తీస్తే పరీక్ష చెడిపోతుంది, ఎంత పనికిరాని పద్ధతైనా ఆ బట్టనే వెతికి పట్టుకుని మంచి మార్కులు తెచ్చుకుంటుంది. ఒక్కో మోటిఫ్‌కు కనీసం ఐదు వేర్వేరు బట్టలుండాలి. వెతికిన బొమ్మ ఏ బట్టదో ఆ బట్ట ఫొటోలన్నీ ఫలితాల్లోంచి తీసేసి లెక్కించాలి.

పరిశోధకుడి కోడ్‌ను, దానితోపాటు రెండు ఆధార పద్ధతులను నడపండి: ఒకటి మామూలు కలర్ హిస్టోగ్రామ్ (ఏ రంగు ఎంత ఉందో లెక్క), రెండోది ముందే శిక్షణ పొందిన రెస్‌నెట్-50 అనే న్యూరల్ నెట్‌వర్క్ ఇచ్చే ఫీచర్లు. కలంకారీలో నలుపు, ఎరుపు, పసుపు, నీలం లాంటి కొద్ది రంగులే దాదాపు ప్రతి బట్టలోనూ ఉంటాయి కాబట్టి కలర్ హిస్టోగ్రామ్‌కు నెమలికీ హంసకూ తేడా పట్టుకోవడం కష్టం. గీతల దిశను పట్టుకునే పద్ధతి ఇక్కడ దాన్ని దాటిందా లేదా అన్నది నోట్‌లో రాయదగ్గ సంగతి. కోడ్ లేక, పేపర్ చదివి రాద్దామంటే పారామీటర్లు కూడా దొరక్కపోతే, ఆ విషయమూ రాయండి.

కమిటీకి ఇచ్చే నోట్

రెండు పేజీలు దాటొద్దు. ముందు పరిశోధకుడి మూడు పనులు, ఒక్కోదానికి అది ఏ సమస్యను పరిష్కరించిందో రెండు వాక్యాలు. కింద ఏ, బి, బి ప్లస్, సి, డి పట్టిక, మచ్చుకు రెండు మూడు అసలు వాక్యాలు. అంకెలు చివర, డేటాబేస్ పేరుతో, తేదీతో. ఏదైనా పేపర్ ఉపసంహరణకు గురైందేమో క్రాస్‌రెఫ్ ఉచితంగా అందిస్తున్న రిట్రాక్షన్ వాచ్ డేటాలో చూసి ఆ ఫలితం రాయండి. ఉదహరించిన పేపర్లనూ అక్కడే సరిచూడండి. ఒకే ఏడాది ఒకే జర్నల్ నుంచి గుంపుగా సైటేషన్లు వచ్చి ఆగిపోయి ఉంటే అవి విడిగా చూపించండి, కారణం తెలియకుండా ఆరోపణ రాయొద్దు.

కమిటీకి పంపేముందు పేపర్ల జాబితాను, గుర్తుల పట్టికను పరిశోధకుడికి పంపి పది రోజుల గడువివ్వండి. మూల్యాంకనానికి గురయ్యేవారికి తమ డేటాను సరిచూసుకునే అవకాశం ఉండాలని పరిశోధన కొలతల వాడకంపై వచ్చిన 2015 నాటి లైడెన్ మానిఫెస్టో చెబుతోంది. తప్పిపోయిన పేపర్‌ను డీఓఐతో చూపిస్తే చేర్చండి, వేరొకరిది పడి ఉంటే తీసేయండి. ఏ నుంచి సికి మార్చమని అడిగితే ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. అప్పటికీ మీ గుర్తే సరైందనిపిస్తే దాన్ని అలాగే ఉంచి, వారి అభ్యంతరాన్ని పక్క కాలమ్‌లో వారి మాటల్లోనే రాసి పంపండి.